చందుర్తిలో ఫ్రెంచివారు గెలిచి ఉంటే?

బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువారుండరు. అది జరిగి రెండేళ్లు తిరగకముందే గొల్లప్రోలు దగ్గర జరిగిన మరో పోరు సర్కారు జిల్లాల తలరాతను మార్చేసింది. ఆ రోజు గెలుపోటములు తారుమారైతే ఏం జరిగేది?

కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని ఊరు చందుర్తి. 1758 డిసెంబరులో ఈ ఊరి పొలాల్లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనలు, ఫ్రెంచి సేనలు తలపడ్డాయి. పోరు ఒక్క రోజులో తేలిపోయింది. దాని ఫలితం మాత్రం తరతరాలు నిలిచింది. చరిత్రలో ‘అలా జరిగి ఉంటే’ అన్న ప్రశ్న ప్రతి యుద్ధానికీ వేయదగ్గది కాదు. బలాబలాల్లో హస్తిమశకాంతరం ఉన్నచోట దానికి అర్థం లేదు. చందుర్తి అలాంటిది కాదు. అక్కడ గెలుపును నిర్ణయించింది ఒక పొరపాటు.

రాజుగారి కబురు

1753లో నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. తనకు అండగా నిలిచిన ఫ్రెంచి దళాల జీతాల కోసం ఇచ్చిన రాబడి అది. ఆ దళాల నాయకుడు బుస్సీ హైదరాబాదు కొలువులో చక్రం తిప్పాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పడిందీ ఆయన ఫిరంగులే. ఆ యుద్ధం ముగిసిన వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం ప్రభువు విజయరామరాజు హతుడయ్యాడు. తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతి రాజుకూ ఫ్రెంచివారికీ పొసగలేదు.

1758లో పుదుచ్చేరికి వచ్చిన కొత్త సేనాధిపతి లాలీ, మద్రాసు మీదికి దండెత్తడానికి బుస్సీని వెనక్కి పిలిపించాడు. ఆ స్థానంలో సర్కారులకు వచ్చిన కాన్‌ఫ్లాన్స్‌కు ఈ నేల కొత్త, మనుషులు కొత్త. అదను చూసి ఆనంద గజపతి విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి లాక్కున్నాడు, ఇంగ్లీషువారికి కబురంపాడు. లాలీ భయంతో ఉన్న మద్రాసు ముందుకు రాలేదు. కలకత్తాలో ఉన్న క్లైవ్ మాత్రం తన కౌన్సిల్ వద్దన్నా కర్నల్ ఫోర్డ్‌ను ఓడలెక్కించి పంపాడు. ప్లాసీ గెలిచి ఏడాదిన్నరైనా కాలేదు. బెంగాల్ ఇంకా కుదుటపడలేదు. అలాంటి సమయంలో ఉన్న కొద్దిపాటి సైన్యంలోంచే కొంత తెంపి పంపడం పెద్ద సాహసం.

పైరు చాటున పల్టన్

ఫోర్డ్ వెంట సుమారు 500 మంది ఐరోపా సైనికులు, 2,000 మంది సిపాయిలు, 6 ఫిరంగులు ఉన్నాయి. కాన్‌ఫ్లాన్స్ దగ్గరా ఐరోపా వాళ్లు దాదాపు అంతే. సిపాయిలు మాత్రం 6,000, ఫిరంగులు 30 దాకా. విజయనగరం సేన సంఖ్యకు వేలల్లో ఉన్నా, పోరు మొదలయ్యాక తుపాకి గుండుకు అందకుండా ఎండిన చెరువు గుంటలో తలదాచుకుంది.

ఫోర్డ్ తన ఐరోపా పటాలాన్ని మధ్యలో నిలిపాడు. వాళ్ల ముందు మనిషెత్తు పెరిగిన పైరు. అవతలివాళ్లకు ఆ పటాలం కనబడలేదు. కనబడిందల్లా అంచున నిలిచిన సిపాయిలు, వాళ్ల ఎర్ర చొక్కాలు. ఎర్ర చొక్కా వేసింది ఇంగ్లీషువాడే అనుకుని ఫ్రెంచి పటాలం తన బలమంతా అటే కుమ్మరించింది. సిపాయిలు వెనుదిరిగారు. గెలిచేశామన్న ఉత్సాహంతో ఫ్రెంచివాళ్లు వరసలు చెదిరిపోయినా చూసుకోకుండా, ఫిరంగులను వెనకే వదిలేసి తరుముకుంటూ వెళ్లారు. అప్పుడు పైరు చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చింది. పక్క నుంచి తుపాకులు ఒక్కసారిగా పేలాయి. ఫ్రెంచి వరస నిలవలేకపోయింది. ఫిరంగులు పోయాయి, శిబిరం పోయింది. కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరం వైపు పరుగుతీశాడు.

గెలుపు మారితే

కాన్‌ఫ్లాన్స్ ఆ చేనులోకి నలుగురు వేగులవాళ్లను పంపి ఉంటే చాలు. లేదా తన 30 ఫిరంగుల అండ వదలకుండా నిలబడినా చాలు. ఫోర్డ్ విశాఖపట్నం దాకా వెనక్కి తగ్గక తప్పేది కాదు. అప్పుడు మొదట లొంగేది ఆనంద గజపతే. గెలిచాక కూడా ఫోర్డ్‌కు ఒప్పుకున్న సొమ్ము ఇవ్వడానికి వారాల తరబడి తాత్సారం చేసిన రాజుగారు, ఓడిన ఫోర్డ్ కోసం గద్దెను పణంగా పెడతాడా?

ఫ్రెంచివారి చేతిలోని మచిలీపట్నం కోట కూడా నిలిచేది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ ఆ కోట మీద పడేనాటికి మందుగుండు అడుగంటింది, ఖజానాలో డబ్బు లేదు. జీతాలూ కొల్లసొమ్ములో వాటా కోసం అతని ఐరోపా సైనికులే ఒకసారి ఎదురుతిరిగారు. నిజాం సేన బెజవాడ దాకా వచ్చేసింది. ఆ తెగింపుతో దొరికిన కోటలో ఖైదీలు, పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది. చందుర్తిలో ఓడిన సైన్యానికి ఈ ఘట్టమే వచ్చేది కాదు.

నిజాం సంగతి ఇంకా ముఖ్యం. ఫ్రెంచివారికి సాయం చేద్దామని బయల్దేరిన సలాబత్ జంగ్, కోట పడిపోయిందని తెలియగానే మాట మార్చాడు. హైదరాబాదులో తమ్ముడు నిజాం అలీ ఎసరు పెడుతున్నాడన్న భయం ఒకపక్క ఉండనే ఉంది. 1759 మే 14న మచిలీపట్నం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి రాసిచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యంలో ఉండనివ్వనని ఒప్పుకున్నాడు. చందుర్తి ఫలితం వేరైతే ఈ ఒడంబడిక ఫ్రెంచివారి పక్షానే ఉండేది. చందుర్తి పోరు తరువాతి నెలల్లో మద్రాసును ముట్టడిస్తూ డబ్బుకు కటకటలాడిన లాలీకి సర్కారుల రాబడి ఊపిరిపోసేది.

ఇక బెంగాల్. 1759 నవంబరులో చిన్సురా దగ్గర డచ్చివారిని ఓడించిందీ ఈ ఫోర్డే. చందుర్తిలో అతను చనిపోయినా, బందీ అయినా క్లైవ్‌కు ఆ రోజు కుడిచెయ్యి ఉండేది కాదు.

సముద్రం ఎవరిదైతే

అంత మాత్రాన భారతదేశం ఫ్రెంచివారి వశమయ్యేదని అనడం మాత్రం అతిశయోక్తి. 1759 ఫిబ్రవరిలో మద్రాసు ముట్టడి వీగిపోయింది ఇంగ్లీషు ఓడలు రేవులో కనబడినందువల్ల. 1760 జనవరిలో వందవాసిలో లాలీ ఓడాడు. ఏడాది తిరిగేసరికి పుదుచ్చేరి పడిపోయింది. ఇంగ్లీషువారికి సముద్రం మీద పట్టుంది, వెనక బెంగాల్ సొమ్ముంది. చందుర్తి గెలుపు ఈ రెంటినీ ఫ్రెంచివారికి తెచ్చిపెట్టలేదు. యుద్ధాన్ని కొన్నేళ్లు సాగదీసేది. 1763 పారిస్ సంధిలో ఫ్రాన్సు గట్టిగా బేరమాడేది. మన తీరంలో యానాంతో పాటు మచిలీపట్నం కోట కూడా దాని చేతిలో ఉండిపోయేదేమో.

అసలు మార్పు మాత్రం తెలుగునేల మీదే కనబడేది. ఫ్రెంచివారికి సర్కారులు దక్కింది నిజాం సామంత ప్రాంతంగా. కంపెనీ దారి వేరు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం సంపాదించి, మెల్లమెల్లగా ఆ జిల్లాలను హైదరాబాదు నుంచి పూర్తిగా విడదీసింది. అప్పటి నుంచి కోస్తా ఒక పాలనలో, తెలంగాణ మరో పాలనలో నడిచాయి. శిస్తు పద్ధతులు వేరయ్యాయి, చదువుల భాష వేరయింది, ఉద్యోగాల దారులు వేరయ్యాయి. 1956 తరువాత మనం పడిన తగవుల్లో చాలావాటి వేర్లు అక్కడే ఉన్నాయి. చందుర్తి ఫలితం మారితే తెలుగువారంతా ఒక్కటిగా ఉండేవారని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ విభజన అప్పుడు, ఆ తీరున మాత్రం జరిగేది కాదు.

అందుకే నా తీర్పు ఇది: చందుర్తి మారితే యుద్ధంలో చివరికి గెలిచేవాళ్లు మారకపోవచ్చు, మన చరిత్ర మాత్రం మారేది. బొబ్బిలి వీరగాథను పిల్లలకు చెప్పుకుంటున్నాం, మంచిదే. పక్కనే చందుర్తినీ చెప్పండి. పరాయివాళ్ల పోరులో మన రాజుల కబుర్లు, మన సిపాయిల ప్రాణాలు, మన రైతుల పైర్లు ఎలా పావులయ్యాయో మన పాఠ్యపుస్తకాలు వివరంగా చెప్పాల్సిన పాఠమది.