మరిచిపొమ్మని చెప్పకండి

అమ్మ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవాళ్లు ఏం మాట్లాడాలో తోచక నాలుగు మాటలే మళ్లీ మళ్లీ అంటారు. గుండె దిటవు చేసుకో అంటారు. పోయినవాళ్లతో మనమూ పోలేం కదా అంటారు. కాలమే మరిపిస్తుంది అంటారు. అన్నీ ప్రేమతో అనే మాటలే. వాటి వెనక ఒక నమ్మకం మాత్రం ఉంది. జ్ఞాపకం తగ్గితేనే దుఃఖం తగ్గుతుందని, ఎంత తొందరగా మరిచిపోతే అంత తొందరగా కోలుకుంటామని మనం అనుకుంటాం. ఆ నమ్మకం సరైంది కాదని చెప్పడానికే ఈ వ్యాసం. నోటితో మరిచిపొమ్మనే మనమే చేతల్లో ఏనాడూ ఆ మాట పాటించలేదు. పదకొండో రోజు, పన్నెండో రోజు, నెలనెలా మాసికం, ఏటేటా తద్దినం, భాద్రపదంలో మహాలయ పక్షం, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకోవడం. ఇన్ని రోజులు కేటాయించుకున్నవాళ్లు మరుపును మందుగా ఎప్పుడూ అనుకోలేదు. అమ్మను తలుచుకోవడానికి ఒక రోజు, ఒక చోటు, చేతికి ఒక పని ఉన్నప్పుడే ఆమె లేని ఇంట్లో మళ్లీ బతకడం అలవాటవుతుందని వాళ్లకు తెలుసు.

మరిచిపోవడమే ఆరోగ్యం అనే ఆలోచనకు ఆధునిక వైద్యంలోనూ ఒక చరిత్ర ఉంది. పోయినవారి మీద పెట్టుకున్న మమకారాన్ని మనసు కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడమే శోకం చేసే పని అని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో రాశాడు. బంధం తెంచుకుంటేనే కోలుకున్నట్టని ఆ తర్వాతి వైద్యులు చాలామంది అర్థం చేసుకున్నారు. ఫ్రాయిడ్ జీవితమే ఆ మాటకు ఎదురు నిలిచింది. 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. 1929లో, ఆమె ఉంటే 36 ఏళ్లు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు ఆయన ఒక ఉత్తరం రాశాడు. ఆ ఖాళీని ఏదీ పూడ్చలేదని, అలా పూడకపోవడమే సబబని, వదులుకోలేని ప్రేమను నిలుపుకునే దారి అదొక్కటేనని అందులోని సారాంశం. ఇక దుఃఖానికి ఉంటాయని అందరూ చెప్పుకునే నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అనే అయిదు దశల సంగతి. వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో వాటిని రాసింది షికాగోలో మరణానికి దగ్గరపడిన రోగులతో మాట్లాడి. తమ చావు తమకు తెలిసినవాళ్ల మనసు గురించిన మాటలవి. వాటిని వెనక మిగిలినవాళ్లకు అంటగట్టి, ఈ మెట్లు ఎక్కేస్తే దుఃఖం అయిపోతుందని లోకం నమ్మింది. చివరికి 1996లో పరిశోధకులు డెనిస్ క్లాస్, ఫిల్లిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ కలిసి 'కంటిన్యూయింగ్ బాండ్స్' అనే పుస్తకం తెచ్చారు. పోయినవారితో బంధం తెగదని, రూపం మార్చుకుని సాగుతుందని, అది జబ్బు కాదని అందులో వాదించారు.

జపాన్‌లో ఈ సంగతి అంతకు ముందే కనిపించింది. రోడ్డు ప్రమాదాల్లో భర్తలను పోగొట్టుకున్న 20 మంది టోక్యో స్త్రీలను పరిశీలించిన వైద్యులు 1969లో ఒక వ్యాసం ప్రచురించారు. ఇంట్లోని పూజామందసం ముందు అన్నం పెట్టి, పోయిన మనిషితో మాట్లాడుకునే ఆచారం వాళ్ల దుఃఖానికి ఆసరా అయిందని అందులో గుర్తించారు. మనవాళ్లు కాశీయాత్రలో భాగంగా వెళ్లే గయలో ఇంతకంటే లోతైన ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరు మాతృషోడశి. అక్కడ తల్లి ఒక్కరికే విడిగా పదహారు పిండాలు పెడతారు. ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం, ఒక్కో శ్లోకంలో ఆమె పడిన ఒక్కో కష్టం. నెలలు నిండే కొద్దీ కడుపు బరువు, నొప్పులు, బిడ్డ కోసం మింగిన చేదు మందులు, తడిసిన పక్క మీద తాను పడుకుని పొడి పక్క బిడ్డకివ్వడం. పురోహితుడు అర్థం చెబుతుంటే పెద్ద వయసు మగవాళ్లు కూడా పిండం పట్టుకున్న చేతులతోనే ఏడ్చేస్తారు. అమ్మ దేవత అని పొగిడే మాట ఒక్కటీ వాళ్లను ఇంతగా కదిలించదు. పొగడ్త ఏ తల్లికైనా సరిపోతుంది. తడిసిన పక్క అనగానే మాత్రం ఎవరి అమ్మ వాళ్లకు కళ్ల ముందు కదులుతుంది. దగ్గరగా ఉండే జ్ఞాపకానికి ఇలాంటి చిన్న చిన్న వివరాలే ప్రాణం.

ఇలా జ్ఞాపకాలు తవ్వుకుంటూ కూర్చుంటే గాయం మానుతుందా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎంతకీ తగ్గకుండా మనిషిని నిలువునా కుంగదీసే దుఃఖం నిజంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తాజా రోగాల వర్గీకరణలో దానికి ఒక పేరు పెట్టి, కనీసం ఆరు నెలల గడువు చెప్పింది. అమెరికా మానసిక వైద్యులు 2022లో పెద్దవాళ్లకు ఏడాది గడువు పెట్టుకున్నారు. అప్పటికీ తిండి, నిద్ర, పని గాడిలో పడకపోతే, చచ్చిపోవాలనిపిస్తుంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే గడువు కోసం అసలు చూడకూడదు. తలుచుకోవడం వేరు, అందులోనే మునిగిపోవడం వేరు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఈ తేడానే వివరించారు. కోలుకునే మనిషి కాసేపు దుఃఖంలోకి వెళ్తాడు, కాసేపు బతుకు పనుల్లోకి వస్తాడు, ఆ రాకపోకలు సాగుతుంటేనే మనసు కుదుటపడుతుంది. మన తిథులు చేసేది సరిగ్గా ఇదే. మొదటి ఏడాది పదహారు మాసికాలు, ఆ తర్వాత ఏడాదికొక ఆబ్దికం. ఏడుపుకు ఒక రోజు ఉంది కాబట్టి మిగతా రోజులు ధైర్యంగా బతకొచ్చు. తెలంగాణలో పెత్రమాస నాడు పొద్దున పెద్దల పేరిట బియ్యం ఇస్తారు, అదే సాయంత్రం ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. కన్నీళ్లకూ పూలకూ ఒకే రోజులో చోటుంది. తీరిక లేదని మాసికాలన్నీ పన్నెండు రోజుల్లోపే కలిపి ముగించేస్తే పోయేది ఈ రాకపోకల వరసే.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. ఈ తంతులు కొడుకు చేతికే దర్భ ఇచ్చాయి, అమ్మకు అందరికంటే దగ్గరగా బతికిన కూతుర్ని పక్కన నిలబెట్టాయి. కొన్ని కులాలకే మంత్రం, మిగతావాళ్లకు ఖర్చు. నిజమే, ఆ అన్యాయాన్ని సమర్థించాల్సిన పని లేదు. కర్మ చేసే హక్కు కూతురికి ఇవ్వడమే ధర్మం. అసలు ఇక్కడి వాదన మంత్రం గురించి కాదు, అది నేర్పిన పద్ధతి గురించి. నవంబర్ 2న సమాధులు కడిగి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించే క్రైస్తవ కుటుంబం, షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్లి దువా చేసే ముస్లిం కుటుంబం పాటించేదీ ఆ పద్ధతినే. ఏ నమ్మకమూ లేనివాళ్లు కూడా అమ్మ పోయిన రోజున నలుగురూ కూర్చుని, ఆమె చేసిన కూర వండుకుని, ఆమె మాటలు చెప్పుకోవచ్చు. అందరి అమ్మలూ చల్లగా చూసినవాళ్లే కాకపోవచ్చు. కొందరికి అమ్మతో తీరని తగువులూ ఉంటాయి. అమ్మను పొగడమని వాళ్లను ఎవరూ బలవంతం చేయకూడదు. ఉన్నదున్నట్టు తలుచుకోవడం, తీరని మాట కూడా ఎవరితోనైనా పైకి చెప్పుకోవడం వాళ్లకు ఇంకా అవసరం.

ఇప్పుడు ఫోన్‌లో అమ్మ ఫోటోలు వందల్లో ఉంటాయి, గొంతు కూడా ఉంటుంది. వాటిని చూడటానికి ఒక రోజంటూ లేకపోతే అవి ఏ అర్ధరాత్రో వేలికి తగిలి గుచ్చుకుంటాయి, లేదంటే ఫోన్‌తో పాటే పోతాయి. అందుకే ఉన్నప్పుడే ఆమెను అడిగి, ఆవకాయలో కారం ఆమె గుప్పిటతో ఎన్ని గుప్పెళ్లో రాసిపెట్టుకోవాలి. పోయాక ఆ కాగితాన్ని ఏటా ఒకసారి బయటికి తీయాలి. పరామర్శకు వెళ్లినప్పుడు మరిచిపొమ్మనే బదులు, మీ అమ్మగారికి ఏమిష్టం అని అడగాలి. సంక్రాంతికి చనిపోయిన అమ్మకు చీర పెట్టే ఇళ్లలో ఈ ప్రశ్న ఏటా వస్తుంది. కోడలో కూతురో కొట్లో నిలబడి, ఆమెకు ముదురు రంగులు నచ్చేవా, జరీ అంచు ఇష్టమా అని గుర్తు చేసుకుంటుంది. ఆ చీరను ఫోటో ముందు పెట్టి, అన్నం వడ్డించి, దణ్ణం పెట్టుకుంటారు. ఆ తర్వాత దాన్ని మడిచి దాచరు, ఇంట్లో ఆడపిల్లే కట్టుకుంటుంది. అమ్మకు నచ్చిన రంగు ఆ ఏడాదంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది.