ఫిట్స్‌లా కనిపించే పక్షవాతం

ఉన్నట్టుండి మనిషి కూలబడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే ఇంట్లోవారు మూర్ఛగా భావించి చేతిలో తాళంచెవులు పెడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా అది మూర్ఛే కాకపోవచ్చు. మెదడును వెన్నుపాముతో కలిపే కాండ భాగానికి రక్తం అందించే బేసిలర్ ధమనిలో గడ్డ అడ్డుపడినా కొందరిలో ఇటువంటి కుదుపులు, వణుకు, అవయవాలు బిగుసుకుపోవడం సంభవిస్తాయి. మూర్ఛలో మెదడు పైపొరలోని విద్యుత్ చర్య అదుపు తప్పుతుంది. ఇక్కడ మాత్రం కాండం గుండా కిందికి దిగే చలన నాడీమార్గాలు రక్తం అందక దెబ్బతినడమే కారణమని వైద్యులు భావిస్తున్నారు.

ఫిట్స్ మందులిచ్చి వేచి చూస్తే విలువైన సమయం చేజారుతుంది. తొలి గంటల్లో మామూలు సీటీ స్కాన్‌లో లోపం కనిపించకపోవచ్చు. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్‌లో అడ్డంకి బయటపడుతుంది. కుదుపులకు ముందు తల తిరగడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం వంటివి ఉంటే బంధువులు వైద్యునికి తప్పక తెలపాలి.

గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటల లోపు ఇస్తారు. రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డను తొలగించే చికిత్స, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు మేలు చేయగలదని చైనాలో జరిగి 2022లో ప్రచురితమైన పరిశోధనలు తేల్చాయి. ఈ సౌకర్యం ఎక్కువగా పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితం. కాబట్టి 108కు ఫోన్ చేసేటప్పుడే లక్షణాలు మొదలైన సమయాన్ని చెప్పడం మరువరాదు.