చిన్న థ్రస్టర్‌లో కరెంటు ఎక్కడ పోతోంది?

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 పేరు చెబితే గుర్తొచ్చేది ఎక్స్‌పోశాట్. ఆ ఉపగ్రహాన్ని వదిలాక రాకెట్ నాలుగో దశను ఇస్రో 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి, పోయెమ్-3 పేరుతో పది పరికరాలకు ప్రయోగ వేదికగా వాడుకుంది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ పరికరం ఒకటి. బెంగళూరు కంపెనీ బెల్లాట్రిక్స్ ఏరోస్పేస్ పంపిన హీటర్ లేని కాథోడ్ మరొకటి. హాల్ థ్రస్టర్ అనే విద్యుత్ ఇంజిన్‌లో అదో చిన్న భాగం.

ఈ ఇంజిన్‌లో ఉంగరంలాంటి గాడిలోకి జినాన్ వాయువును వదులుతారు. అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరిగే ఎలక్ట్రాన్లు ఢీకొని జినాన్ పరమాణువులు అయాన్లుగా మారతాయి. దాదాపు 300 వోల్టుల విద్యుత్ క్షేత్రం వాటిని సెకనుకు 15 కిలోమీటర్లకు అటూఇటూ వేగంతో బయటికి తోస్తుంది. ఉపగ్రహాల్లో వాడే రసాయన ఇంధనాలతో ఆ వేగం మూడు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇక్కడ కొద్దిపాటి ఇంధనమే చాలాకాలం వస్తుంది. బలం మాత్రం బహు స్వల్పం. 2006లో టాక్‌శాట్-2పై ఎగిరిన 200 వాట్ల అమెరికన్ థ్రస్టర్ ఇచ్చేది 13 మిల్లీన్యూటన్లు. అరచేతిలో గ్రాము పైచిలుకు బరువు పెట్టినంత.

ఆ 200 వాట్లలోనూ జెట్‌గా మారేది 90 వాట్ల లోపే. నాలుగైదు కిలోవాట్ల థ్రస్టర్లలో సగానికి పైగా దక్కుతుంది. వంద వాట్లకు దిగితే మూడో వంతు దక్కడమూ కష్టమే.

కారణం చాలావరకు జ్యామితిలోనే ఉంది. గాడి చిన్నదయ్యేకొద్దీ ప్లాస్మాకు గోడలు దగ్గరవుతాయి. అయాన్లు బయటికి పోకుండా గోడను కొడతాయి. శక్తి వేడిగా పోతుంది, గోడా అరుగుతుంది. అయస్కాంతానికి చోటూ తగ్గుతుంది. ఇక కాథోడ్. గాడికి ఎలక్ట్రాన్లను అందించేది, బయటికొచ్చే అయాన్ల ఆవేశాన్ని సరిచేసేది అదే. థ్రస్టర్ సగానికి తగ్గినా దాని ఖర్చు సగం కాదు. అది తాగే జినాన్ వల్ల వచ్చే థ్రస్ట్ దాదాపు సున్నా.

మామూలు కాథోడ్‌ను ప్రతిసారీ ముందు హీటర్‌తో వెయ్యి డిగ్రీలు దాటించాలి. నిమిషాలు పడుతుంది. చేతిలో ఉన్నదే కొద్ది వందల వాట్లయినప్పుడు ఇది భారమే. పైగా హీటర్ తీగ తెగితే ఇంజిన్ మూగబోతుంది. హీటర్ లేని కాథోడ్‌లో కాస్త ఎక్కువ వాయువు వదిలి, అధిక వోల్టేజీతో నేరుగా డిశ్చార్జి వెలిగిస్తారు. కావలసిన వేడిని అదే పుట్టిస్తుంది. అయితే ‘సామర్థ్యం’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. మామూలు రకంలోనూ వెలిగాక సాధారణంగా హీటర్‌ను ఆపేస్తారు. కాబట్టి అసలు ఆదా ప్రారంభంలో, నమ్మకంలో. అదీ ఉచితం కాదు, వెలిగించే క్షణంలో కాథోడ్‌పై ఒత్తిడి ఎక్కువ.

గోడల నష్టాన్ని తగ్గించడానికి అయస్కాంత క్షేత్ర రేఖల ఆకారాన్ని మార్చి ప్లాస్మాను గోడకు దూరంగా ఉంచే పద్ధతి వేరే ఉంది. అరగంటం చిన్నదైతే అదీ అంత తేలిక కాదు. జినాన్‌కు బదులు అయోడిన్‌ను ఫ్రాన్స్ సంస్థ థ్రస్ట్‌మీ కక్ష్యలోనే పరీక్షించి, 2021లో ‘నేచర్’లో ఫలితాలు ప్రకటించింది. అయోడిన్ ఘనపదార్థం, అధిక పీడన ట్యాంకు అక్కర్లేదు.

ఈ వాట్ల లెక్క ఉపగ్రహం ఆయుష్షు లెక్క కూడా. పని ముగిసిన ఐదేళ్లలో తక్కువ ఎత్తు ఉపగ్రహాలు కక్ష్య వీడాలని అమెరికా నియంత్రణ సంస్థ 2022లో నిబంధన పెట్టింది. 350 కిలోమీటర్లలో ఉన్న పోయెమ్-3 మార్చి 21 నాటికే వాతావరణంలోకి వచ్చేసింది. అదే 600 కిలోమీటర్లపైన ఇంజిన్ ఆగిన ఉపగ్రహం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.