వెనుక గదికి వైఫై

గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ వంటి చోట్ల ఈ చిక్కు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వైఫై పెట్టె ముందు గదిలో ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఇంటాయన పగలు అక్కడే పడుకుంటారు. పిల్ల వెనుక గదిలో చదువుకుందామంటే సిగ్నలు అందదు. ఫోను పట్టుకొని ముందు గదికి వస్తే పాఠం చప్పుడుకు ఆయన నిద్ర పాడవుతుంది. గనిలోకి దిగే మనిషికి నిద్ర చాలకపోతే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? క్వార్టరు గోడలకు బెజ్జాలు కొట్టి వైరు లాగడమూ కుదరదు.

అసలు సిగ్నలు ఎందుకు అందదంటే, వైఫై కూడా రేడియో తరంగమే. కాని రేడియో మీడియం వేవ్ తరంగం వందల మీటర్ల పొడవైతే, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైది సుమారు 12 సెంటీమీటర్లే. 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. గోడలు, ఇనుప బీరువా, నీళ్ల డ్రమ్ము దాన్ని ఇట్టే అడ్డుకుంటాయి. భూగర్భ గనుల్లోనూ ఇదే తంటా. అందుకే చాలా గనుల్లో తరంగాలను దారి పొడవునా కొద్దికొద్దిగా వదిలే కేబులు వేసి, మధ్యమధ్య బలమిచ్చే యంత్రాలు పెడతారు.

ముందు ఖర్చులేని పని చేయండి. పెట్టెను టీవీ వెనుకనుంచి తీసి, నడి గుమ్మం దగ్గర ఎత్తైన అరమీద పెట్టండి. వెనుక గదిలో 2.4 పేరునే ఎంచుకోండి. దాని వేగం తక్కువే గాని, దూరం పోతుంది.

అప్పటికీ అందకపోతే రిపీటరు కొనాలి. ఇది విన్నదాన్ని మళ్లీ చెప్పే మనిషిలాంటిది. తనకే వినపడకపోతే ఏం చెబుతుంది? అందుకని దాన్ని వెనుక గదిలో పెట్టకండి. ఫోనులో సిగ్నలు బాగా కనిపించే నడిమధ్య ప్లగ్గులో పెట్టండి. పెట్టె మీద, రిపీటరు మీద డబ్ల్యూపీఎస్ బొత్తాం ఉంటే, మొదటిది నొక్కిన 2 నిమిషాల్లోగా రెండోది నొక్కితే అవి కలుస్తాయి. చవకరకంలో వేగం సగానికి పడిపోవచ్చు. అయినా ఇంటికి వచ్చే వేగం బాగుంటే పాఠానికి ఆ సగం చాలు.

కొనేముందు మరొక మాట. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫై అందుకుంటూనే హాట్‌స్పాట్‌గా పంచగలవు. మూలనున్న పాత ఫోనును చార్జింగులో ఉంచి ఒక రోజు చూడండి. దానితో పని జరిగితే డబ్బు మిగిలినట్టే.