పిడుదులూ, మనం ఇచ్చే ఆవులూ

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. ఎన్నో ఇళ్లలో గొడ్లు కొట్టుకుపోయాయి. ఆ తరువాత మీరిచ్చిన జకాత్ సొమ్ముతో ఒక వితంతు సోదరికి సంకరజాతి జెర్సీ ఆవును కొనిచ్చాము. మూడో నెలలో అది చనిపోయింది. కొనేటప్పుడు పొదుగు చూశాము, పాలు పిండించి చూశాము, ధర బేరమాడాము. చెవి మడిచి లోపల చూడలేదు. అక్కడ పిడుదులు గుత్తులుగా ఉన్నాయని పశువైద్యుడు వచ్చి చూపించాకే తెలిసింది. సొమ్ము మీది గనుక జరిగింది చెప్పుకోవాలి.

కొందరు గోమార్లు అని పిలిచే ఈ పిడుదు సాలీడు జాతికి దగ్గరిది. పెద్దదానికి ఎనిమిది కాళ్లు. రక్తం తాగడం ఒక్కటే అయితే పశువు చిక్కిపోతుంది, అంతే. తాగుతూ తాగుతూ రోగాన్ని లోపలికి వదలడమే అసలు ముప్పు. పిడుదు రోగాన్ని మోస్తుందని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ రుజువు చేశారు. దోమ మలేరియా తెస్తుందని తేలింది ఆ తరువాతే.

మా ఆవును తీసుకుపోయింది థైలేరియా. దాన్ని మోసేది హయలోమా అనే పిడుదు. తీవ్రమైన జ్వరం, జబ్బ ముందు గడ్డలు, పాలిపోయిన కళ్లు, ఆయాసం దాని గుర్తులు. మొదటి రోజుల్లోనే బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ పడితే బతికే అవకాశం ఎక్కువ. ఈ పిడుదు కొట్టం గోడల నెర్రెల్లో దాక్కుని అక్కడే వేల గుడ్లు పెడుతుంది. ఆవుకు ఎంత మందు కొట్టినా గోడ వదిలేస్తే లాభం లేదు. నెర్రెలు పూడ్చి సున్నం వేయాలి.

రెండో రకం రిపిసెఫాలస్. ఇది పిల్లగా ఎక్కిన ఆవు మీదే సుమారు మూడు వారాలు ఉండి, పెద్దదై, గుడ్లు పెట్టడానికి నేలకు దిగుతుంది. బబీసియా తెచ్చేది ఇదే. మూత్రం కాఫీ రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు. కుక్కల మీది గోధుమరంగు పిడుదు వీటికి దాయాది. మనుషులకూ దాని వల్ల ఒంటి మీద దద్దుర్లతో జ్వరం రావచ్చు.

నాటు ఆవులు వీటిని చాలావరకు తట్టుకుంటాయి. మన ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్లు తీసుకుపోయి నెలోర్ పేరుతో పెంచుకోవడానికి ఇదీ ఒక కారణమే. కానీ నాటు ఆవు పాలు ఇల్లు గడవడానికి చాలవు. అందుకే సంకరజాతిని పూర్తిగా మానుకోలేము.

బక్రీదుకు పొట్టేళ్లను కొనే వారికి ఒక మాట. 2011 జనవరిలో గుజరాత్‌లోని అహ్మదాబాదు జిల్లాలో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడింది. రోగితో పాటు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. హయలోమా పిడుదులే దాన్నీ మోస్తాయి. మోసే గొర్రెలో ఏ జబ్బూ కనపడదు. భయపడి ఖుర్బానీ మానాల్సిన పని లేదు, బాగా ఉడికిన మాంసంతో ముప్పు లేదు. కోసేవారు, తోలు తీసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. పిడుదును గోళ్లతో నలపకండి. మనిషికి పట్టుకుంటే కిరసనాయిలు పోయడం, నిప్పు చూపడం వద్దు. పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, సబ్బుతో కడగాలి.

థైలేరియాకు టీకా ఉంది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ రక్షావ్యాక్-టి పేరుతో తయారుచేస్తోంది. ఇకపై మేము ఇచ్చే ప్రతి సంకరజాతి ఆవుకూ ఆ టీకా, పశువైద్యుడు చెప్పిన కొలతలో రెండు విడతల పిడుదుల మందు, కొట్టం గోడకు సున్నం ఖర్చు కలిపే లెక్క కడతాము. దీనివల్ల అయిదు ఆవులు ఇవ్వగలిగే సొమ్ముతో నాలుగే ఇవ్వగలము. ఈసారి నివేదికలో సంఖ్య తగ్గినట్టు కనపడితే కారణం ఇదే.