నిప్పు లేని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు చెప్పిరి. తర్కశాస్త్రము నభ్యసించువానికి కొండమీది పొగను చూచి నిప్పు నూహించుటయే మొదటి పాఠము. ఈ పాఠమును తలక్రిందులు చేసిన వస్తువొకటి మన కాలమున పుట్టినది. దానికి అగ్గిపెట్టె అక్కరలేదు, ఆకు కాలదు, బూడిద రాలదు. పీల్చినంతనే లోపలి తీగ వేడెక్కి, సువాసనగల ద్రవము ఆవిరియై నోటికి వచ్చును. శాసనములు దానిని ఈ-సిగరెట్టు అనుచున్నవి. పడుచువారు వేప్ అనుచున్నారు. 2003 ప్రాంతమున చీనాదేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హాన్ లిక్ దాని నేటి రూపమును కల్పించెను. ఇరువదియేండ్లు నిండకమునుపే అది ప్రయాణికుల సంచులలో జేరి దేశదేశములు తిరుగుచున్నది.

ఈ ముచ్చట నల్లగొండ, పాలమూరు పాఠకులకేలయని కొందరడుగవచ్చును. ఒకనాడు పాలమూరు కూలి మేస్త్రీవెంట మూట గట్టుకొని పోయి, దేశమందలి ఆనకట్టలకు రాళ్లెత్తి, వానకాలమునకు ఇల్లు చేరెడివాడు. వానకు తెలిసిన పొగ చుట్టయు బీడీయును. నేడు అదే గడ్డనుండి కొందరు ఎడారిదేశములకు కూలికిని, కొందరు అమెరికాకు చదువునకును విమానమెక్కుచున్నారు. 2008 మార్చినెలలో తెరువబడిన శంషాబాదు విమానాశ్రయము జడ్చర్లకు పోవు పెద్దబాటకు చేరువనే యున్నది. పోవునాడు పెట్టెలో పచ్చడి సీసాలు, సకినాలు. వచ్చునాడు బంధువులు కోరిన వస్తువులు. ఈ వచ్చునాటి పెట్టెను గూర్చియే మా మనవి.

దేవరకొండవైపు పల్లెనుండి దుబాయి పోయిన యొక కూలివాని నూహింపుడు. రెండేండ్లకు సెలవు దొరకినది. ఊరిలోని తమ్ముడు ఫోనుచేసి, “అన్నా, నాకొక వేప్ తేవే” అని యడిగెను. ఆ దేశమున 2019నుండి దాని విక్రయము చట్టబద్ధము; అంగడిలో అద్దాలవెనుక అత్తరుసీసాల పోలిక మెరయుచుండును. అన్న కొన్నాడు, పెట్టెలో పెట్టినాడు. ఆయన చేసినది బజారులో బజారువస్తువు కొనుటయే. విమానము దిగిన క్షణమున అదే వస్తువు నేరవస్తువైనది. మనిషి మారలేదు, వస్తువు మారలేదు. కాళ్లక్రింది నేల మారినది.

మన దేశమున దీనిని గూర్చిన శాసనము స్పష్టముగానే మొదలైనది. 2019 సెప్టెంబరు 18న కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు చేసెను. ఆ డిసెంబరులో అది పార్లమెంటు చట్టమైనది. ఈ-సిగరెట్లను తయారుచేయుట, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీ, నిలువ, ప్రకటన, అన్నియు నిషిద్ధములు. లోపల నికోటిన్ ఉన్నను లేకున్నను ఒక్కటే. సంపూర్ణ వస్తువేకాక దాని భాగమును దిగుమతి చేయుటయు నేరమే. మొదటి తప్పునకు ఒక సంవత్సరమువరకు కారాగారము, లేదా లక్షరూపాయలవరకు జరిమానా, లేదా రెండును. మరల చేసినచో మూడేండ్లవరకు కారాగారము, అయిదు లక్షలవరకు జరిమానా. నిలువయుంచినవానికి ఆరు నెలలవరకు కారాగారము, లేదా ఏబదివేలవరకు జరిమానా, లేదా రెండును.

అయితే చట్టపు నిషేధక్రియల పట్టికలో ‘సేవించుట’ యను మాట లేదు. అందుచేత ‘నా సొంతమునకు తెచ్చుకొంటిని, అమ్ముటకు కాదు’ అని వాదించువారు కలరు. ఈ వాదము న్యాయవాది నోట ఇంపుగా నుండును; సుంకపుటధికారి బల్లముందు నిలుచున్న కూలివాని నోట అది నిలువదు. సేవనము పట్టికలో లేకున్నను దిగుమతి యున్నది, రవాణా యున్నది. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లేయందురని తాటివనముల నడుమ పుట్టినవారికి మేము చెప్పనక్కరలేదు. తమ్మునికై తెచ్చిన అన్న తానెన్నడును పొగ త్రాగనివాడే కావచ్చును. పెట్టె ఆయన పేరనున్నది. సొంతమునకు ఒక్కటి తెచ్చుకొన్నవాని గతి యేమో చట్టము సూటిగా చెప్పనిచోట, ఆ గతి ఆనాటి అధికారి మనసుపై నాధారపడును. విద్యావంతుడు మాటకు మాట చెప్పి బయటపడవచ్చును, మాటరానివాడు చిక్కును. ఇట్టి సందిగ్ధత చట్టమునకు శోభ కాదు.

ఇతరదేశములు మనకంటె మెత్తనివని యెవరును తలపరాదు. సింగపూరున 2018 ఫిబ్రవరినుండి దగ్గరనుంచుకొనుటయే నేరము. థాయిలాండు 2014లోనే దిగుమతిని నిషేధించెను. హాంగ్‌కాంగు 2022 ఏప్రిలు నెలాఖరునుండి దిగుమతిని ఆపివేసినది. ఒకచోట అంగడివస్తువు, మరియొకచోట నిషిద్ధవస్తువు. నడుమనున్నది నాలుగుగంటల విమానయానము. నడుమ మరొక దేశమున దిగి విమానము మారువాడు ఆ దేశపు చట్టమునకు గూడ లోబడవలసినవాడే.

ఇంతవరకు చెప్పినది నేలమీది భయము. ఆకాశమునందలి భయము వేరు. ఈ వస్తువునకు నిప్పు లేదనుకొంటిమి. నిజమునకు నిప్పు దాని గర్భమున నిద్రించుచున్నది. దానిని నడపునది లిథియము బ్యాటరీ. అది నలిగినను, కొనలు రెండును లోహమునకు తగిలినను, సంచిలో ఒత్తిడికి మీట నొక్కుకొని తీగ కాగుచుండినను, లోపల వేడి పుట్టును, ఆ వేడి మరింత వేడిని పుట్టించును, తుదకు మంటయగును. విమానపు సామానుగదిలో మంటనార్పు వాయువు బయటి జ్వాలను అణచగలదు గాని, బ్యాటరీ తనలో తాను పుట్టించుకొను వేడిని చల్లార్చలేదు. ప్రయాణికుల గదిలో నైన పొగ కనబడును, సిబ్బంది నీరు పోసి చల్లార్చుదురు. క్రింది గదిలో చూచువాడెవడు?

ఇది ఊహ కాదు. 2014 ఆగస్టులో అమెరికాలోని బోస్టను విమానాశ్రయమున సామానుగదిలోని యొక పెట్టెయందు ఈ-సిగరెట్టు నిప్పు రగిల్చినందున విమానమును ఖాళీ చేయవలసివచ్చెను. 2015 జనవరిలో లాస్ ఏంజెలెస్‌నందు, ఆలస్యముగా వచ్చి తన విమానమును తప్పిపోయిన పెట్టె యొకటి సామానుశాలలో మండుచు కనబడెను. కారణము కాగిపోయిన ఈ-సిగరెట్టని తేలెను. ఆ పెట్టె వేళకు చేరియున్నచో ఆ మంట ఆకాశమున రగిలెడిది. లిథియము బ్యాటరీల సరకునకు నిప్పంటినచో నేమగునో 2010 సెప్టెంబరు 3న దుబాయిలో లోకము చూచెను. సరకువిమానము కూలి అందలి వైమానికులిద్దరును మరణించిరి.

ఈ యనుభవములపిమ్మటనే అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2015లో నియమము చేసెను: ఈ-సిగరెట్టును సామానుగదికి పోవు పెట్టెలో నుంచరాదు, చేతిసంచిలోనో వంటిమీదనో ఉండవలెను, విమానములో ఛార్జింగు చేయరాదు. విడి బ్యాటరీలకును చేతిసంచియే తావు. వాని కొనలు ఒకదానికొకటి తగులకుండ కప్పవలెను. ద్రవపు సీసా చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించరాదు. అయితే ఈ నియమము చట్టము అనుమతించిన దేశములనడుమ తిరుగువారికి మాత్రమే. మన దేశపు గడపలో అది చేతిసంచిలో నున్నను పెట్టెలో నున్నను నిషిద్ధమే. ‘విదేశపు విమానమువారు రానిచ్చిరి గదా’ యనుట ఇచ్చట సమాధానము కాజాలదు.

విమానములో దానిని పీల్చుట మరింత అవివేకము. 2018 జూలైలో హాంగ్‌కాంగునుండి డాలియన్ పోవు చైనావిమానమున సహవైమానికుడే ఈ-సిగరెట్టు పీల్చుచు, ఆవిరి ప్రయాణికులవైపు పోకుండ పంకా నాపబోయి, పొరపాటున గాలిని సరఫరాచేయు యంత్రములనే ఆపెను. లోపలి గాలి పలుచబడి, ప్రాణవాయువు ముసుగులు జారిపడి, విమానము వేల అడుగులు దిగవలసివచ్చెను. నూట ఏబదిమందికి పైగా ప్రయాణికులు ప్రాణములు అరచేత పట్టుకొనిరి. విమానము నడుపువానినే అంత మరపించిన వ్యసనము సాధారణ ప్రయాణికుని విడుచునా?

ఇక ఇది బీడీకంటె మేలుగదాయను వాదము. 2015లో ఇంగ్లాండు ప్రజారోగ్యశాఖ దీని హాని సిగరెట్టు హానికంటె సుమారు 95 పాళ్లు తక్కువయని అంచనావేసిన మాట నిజము. పొగాకు మానుటకు సాధనమని దానిని మెచ్చు వైద్యులును కలరు. కాని 2019-20లో అమెరికాలో దీనివలని ఊపిరితిత్తుల వ్యాధితో 2,807 మంది ఆసుపత్రిపాలైరి లేదా మరణించిరి. వారిలో 68 మరణములు ఆనాటికి ధ్రువపడెను. అందు పెక్కింటికి మూలము గంజాయిసారపు ద్రవములో కలిపిన ఇ-విటమిను నూనెయని కనుగొనిరి. సీసామీద వ్రాసినదొకటి, లోపలనున్నదొకటియైనచో వచ్చు ముప్పు అది. కొండనాలుకకు మందు వేసినచో ఉన్ననాలుక ఊడిన చందమిదియే.

కంటికి స్వచ్ఛముగా కనబడునది విషము కాదనుకొను భ్రమను ప్రపంచమున మరెవ్వరును తీర్చలేనంతగా నల్లగొండవారు తీర్పగలరు. ఈ మండలపు బావులలోని నీరు తేటగానే యుండెను. వాసన లేదు, రంగు లేదు. త్రాగినవారి పండ్లు గారపట్టెను, ఎముకలు వంగెను. నీటిలో ఫ్లోరైడున్నదని తెలియులోపల తరములు వంగిపోయెను. పటిక, సున్నము కలిపి ఆ విషమును తీయు విధానమునకు నాగపురపు పరిశోధకులు ‘నల్లగొండ పద్ధతి’యని పేరుపెట్టిరి, ఆఫ్రికా ఖండమున గూడ మన జిల్లా పేరు ఆ విధముగా తెలిసినది. తేటనీటికి ఇంత మూల్యము చెల్లించినవారు తేటయావిరిని నమ్మరాదు.

ప్రభుత్వమునకును ఒకమాట చెప్పక తప్పదు. 2016-17 నాటి సర్వే ప్రకారము దేశమున వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. గుంటూరున పొగాకు బోర్డున్నది. బీడీకట్ట ప్రతి కిరాణాకొట్టులో దొరకును. 2016 నాటి సామాను నియమములు విదేశమునుండి నూరు సిగరెట్లను సుంకము లేక తెచ్చుకొననిచ్చెను. కాలు నూటికి ద్వారము తెరచి కాలని ఒక్కదానికి మూసినచో, పల్లెవాడు దీనిలోని న్యాయమేమని యడుగును. కొత్తపాము పుట్టలోనికి రాకుండ ఆపుట మంచిదే. పాతపాములు పడగవిప్పి యాడుచుండగా ఆ మాట బలముగా చెప్పుట కష్టము. అయినను ఈ అసంగతిని చూపి ప్రయాణికుడు చట్టమునుండి తప్పించుకొనలేడు. వాదము సభలో చేయవలెను, సుంకపుబల్లముందు కాదు.

మా ముఖ్యవిజ్ఞప్తి మరియొకటి. చట్టము తెలియదనుట నేరమునకు క్షమాపణ కాదని న్యాయశాస్త్రము చెప్పును. మంచిది, అట్లయిన చట్టమును తెలుపుట ప్రభువుల ధర్మమగును, తెలిసిన భాషలో తెలుపుట అంతకంటె ధర్మమగును. ఇంగ్లీషు నిబంధనలను టికెట్టు వెనుక సన్నని అక్షరములలో అచ్చువేసినచో అది తెలుపుట కాదు, దాచుట. గల్ఫు పోవు కూలీలకు విదేశాంగశాఖవారు ప్రయాణపూర్వ శిక్షణ నిచ్చుచున్నారు. అందు పోవునాటి జాగ్రత్తలతో తిరిగి వచ్చునాడు తేగూడని వస్తువుల పట్టికయు తెలుగున, ఉర్దూన చేర్చవలెను. పాస్‌పోర్టు సేవాకేంద్రముల గోడలమీద, విమానటికెట్లమ్ము ప్రతి దుకాణమున, ఇంటరు, డిగ్రీ కళాశాలలలో ఆ పట్టిక వ్రేలాడవలెను. ఒక తెలుగు కాగితపు ఖరీదెంత? ఒక కూలివాని రెండేండ్ల కూడబెట్టు జరిమానాగా పోవుటకంటె ఎక్కువయా?

ఇండ్లలోని పెద్దలకును మా మాట. దూరదేశమునుండి వచ్చువానిని ఏమి తెచ్చితివని యడుగుట మన యాచారము. ఆ యాచారము వాని మెడకు ఉరిత్రాడు కారాదు. ఇది తెమ్మని తమ్ముడడిగిన, వలదని తండ్రి ఫోనులో చెప్పవలెను. ఆ యలవాటు ఇదివరకే పడినవాడు విమానమెక్కకమునుపే, కొన్న దేశముననే ఆ వస్తువును విడిచి రావలెను. చెత్తబుట్టలో పారవేయక, బ్యాటరీలను తీసికొను చోట అప్పగింపవలెను. పొగాకు మానగోరువారికి 1800 112 356 అను ఉచిత ఫోనునెంబరున సలహా దొరకును. నికోటిన్ గమ్ మందులషాపులలో దొరకును. దానిని జేబులో వేసికొని విమానమెక్కినను అడుగువాడు లేడు.

ఊరు విడిచి కడుపుకై పోయినవాడు ఊరు చేరునాడు తల యెత్తుకొని దిగవలెను. వాని తల్లి శంషాబాదు ద్వారమువద్ద ఎదురుచూచుచుండగా, లోపలిగదిలో వేలెడంత గొట్టమునకై వాడు సంజాయిషీ చెప్పుకొను దుర్గతి పాలమూరు, నల్లగొండ బిడ్డలలో ఒక్కరికిని పట్టకుండుగాక!