ఫైలు ఉంది... లేదంటోంది!

హైదరాబాద్-విజయవాడ రహదారి పక్కనున్న కేతేపల్లికి సెలవులకొచ్చిన డిగ్రీ కుర్రాడొకణ్ని ఊహించుకోండి. ఇంట్లో పాత కంప్యూటర్‌. అందులో లైనెక్స్ వేసుకున్నాడు. కాలేజీలో విండోస్ మీద టైపు చేసిన ప్రాజెక్టు స్క్రిప్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. పొద్దున్నకల్లా సారుకి పంపాలి. తీరా నడిపిస్తే... 'పర్మిషన్ డినైడ్'!

స్క్రిప్టు అంటే పెళ్లివంటకు మేస్త్రీకి రాసిచ్చే చీటీ లాంటిది. ఏది ముందు, ఏది తర్వాత... అన్నీ వరసగా ఉంటాయి. అయితే లైనెక్స్‌లో ఫైలును చదవడానికి ఒక అనుమతి, మార్చడానికి ఒకటి, నడపడానికి మరొకటి. 'సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్' అని ఫైలు పేరు కొడితే ఆ మూడోది వస్తుంది. పెన్‌డ్రైవ్‌లలో సాధారణంగా ఉండే ఫ్యాట్ పద్ధతిలో ఈ అనుమతిని రాసుకునే చోటే లేదు. కాబట్టి ముందు ఫైలును కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి.

ఇక 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే, పేరుకు ముందు చుక్క, గీత పెట్టడం మరిచారేమో చూడండి. మనమున్న ఫోల్డరులో లైనెక్స్ తనంతట తాను వెతకదు.

అసలు తంటా తర్వాతిది. ఎదురుగా ఫైలు కనిపిస్తూనే ఉంటుంది, తెర మాత్రం 'నో సచ్ ఫైల్' అంటుంది!

టైపు నేర్చుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లైను అయిపోగానే క్యారేజీని వెనక్కి నెట్టడం ఒక పని, కాగితం పైకి జరగడం ఇంకో పని. విండోస్ ఇప్పటికీ లైను చివర ఆ రెంటికీ రెండు గుర్తులు పెడుతుంది. లైనెక్స్‌కు రెండోది చాలు. స్క్రిప్టు మొదటి లైనులో దాన్ని నడపాల్సిన ప్రోగ్రాము పేరుంటుంది. 'బాష్' అనుకోండి. మిగిలిపోయిన గుర్తు ఆ పేరుకు తోకలా అంటుకుంటుంది. తోకున్న బాష్ ఎక్కడా లేదు మరి! లేనిది ఆ ప్రోగ్రామే తప్ప మన ఫైలు కాదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇలాంటిదే ఇంకోటుంది. 'సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఓ కనిపించని గుర్తు పెడతాం. అది ఆదేశంలోకి జారినా ఇంతే సంగతులు.

దొంగను పట్టాలంటే 'క్యాట్', ఖాళీ, 'మైనస్ పెద్ద ఏ', ఆపై ఫైలు పేరు కొట్టండి. లైను చివర టోపీ గుర్తు, ఎం కనిపిస్తే దొరికినట్టే. 'డాస్‌టుయూనిక్స్' అనే చిన్న ప్రోగ్రాము వాటిని ఏరేస్తుంది.

ఈలోగా ఎవరో స్నేహితుడు '777 కొట్టు, రూట్‌గా నడుపు' అంటాడు. వినొద్దు. మొదటిది ఆ కంప్యూటర్ వాడే ప్రతివాడికీ ఫైలును మార్చే హక్కిస్తుంది. రెండోది స్క్రిప్టులో ఒక్క తప్పున్నా సిస్టమ్ మొత్తాన్నీ చెరిపేసే అధికారమిస్తుంది. పైగా ఆ తోక మాత్రం అలాగే ఉంటుంది!